కొండలు ఊరికే మిగలవు

హాంకాంగ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి ఆకాశాన్ని పొడిచే బిల్డింగులు, జాకీ చాన్ సినిమాలు, ఎలక్ట్రానిక్స్ చవగ్గా దొరుకుతాయన్న పాత నమ్మకం (ఇప్పుడు అంత చవకేం కాదు, హైదరాబాదులోనే కొనుక్కోండి). 2015లో నేను ఇక్కడికి వచ్చినప్పుడు నా బుర్రలో ఉన్నదీ అంతే. మొదటి మూడు నెలలూ ఆఫీసు, ఇల్లు, ఆదివారం చుంగ్ కింగ్ మాన్షన్స్‌కి వెళ్ళి కందిపప్పు, ఆవాలు, కరివేపాకు తెచ్చుకోవడం, సాయంత్రం ఇండియాకి ఫోన్లు. ఇంతే జీవితం.

ఆ తర్వాత తెలిసింది, ఈ ఊళ్ళో మనం చూసే కాంక్రీటంతా కలిపి మొత్తం నేలలో పావు వంతే. దాదాపు 40 శాతం నేల కంట్రీ పార్కుల కింద, ప్రత్యేక ప్రాంతాల కింద చట్టం రక్షణలో ఉంది. సుమారు 1,100 చదరపు కిలోమీటర్ల నేల, 75 లక్షల మంది జనం, ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన ఇళ్ళు. అలాంటి చోట 40 శాతం కొండలూ అడవులూ వదిలేశారంటే మొదట నేను నమ్మలేదు. మన రియల్ ఎస్టేట్ బుద్ధికి అది ఎక్కదు మరి.

ఈ కొండల్లోకి నన్ను లాక్కెళ్ళింది ఒక నేపాలీ సహోద్యోగి. వాళ్ళ నాన్నగారు ఇక్కడి గూర్ఖా దళంలో పనిచేశారు, 1997లో ఆ దళం వెళ్ళిపోయాక కూడా ఆ కుటుంబం ఇక్కడే ఉండిపోయింది. "ఆదివారం ఇంట్లో ఏం చేస్తావు?" అనడిగాడు. "నిద్రపోతాను" అన్నాను. "కొండ దిగొచ్చాక పో, ఇంకా బాగా పడుతుంది" అన్నాడు. అలా మొదలై నలుగురమయ్యాం: ఆయన, నేను, విజయనగరం నుంచి వచ్చిన ఒక డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, ఆయన శ్రీమతి. తర్వాత నా విద్యార్థులు కొందరు కలిశారు.

విద్యార్థులు ఎక్కణ్ణించి వచ్చారంటారా? 2016 నుంచి వారానికి రెండు సాయంత్రాలు ఇక్కడ ఉద్యోగస్తుల కోర్సులో ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. ఇక్కడ మగ టీచర్ని "ఆ సర్" అంటారు. (పోలీసుని కూడా అలాగే పిలుస్తారు. అది తెలిసిన రోజు నుంచి నా గొంతు కొంచెం గంభీరంగా మారిందని మా ఆవిడ ఆరోపణ.) అందరూ పగలంతా పనిచేసి వచ్చినవాళ్ళు. బుద్ధిగా నోట్సు రాసుకుంటారు, టైముకి అసైన్‌మెంటు ఇస్తారు, కానీ నోరు విప్పరు. "అర్థమైందా?" అంటే తలూపుతారు. అర్థం కాకపోయినా తలూపుతారు. మన ఇంజనీరింగ్ కాలేజీ క్లాసుల్లో కూర్చున్నవాళ్ళకి నేను వేరే వర్ణించి చెప్పక్కర్లేదు.

అలాంటి క్లాసులోని నలుగురైదుగురు ఒక ఆదివారం మాతో డ్రాగన్స్ బ్యాక్‌కి వచ్చారు. అది ఇక్కడ అందరూ మొదట ఎక్కే కొండ, మూడొందల మీటర్ల ఎత్తు కూడా ఉండదు. షౌ కేయ్ వాన్ మెట్రో స్టేషన్లో దిగి 9వ నంబరు బస్సెక్కితే కొండ మొదట్లోనే దింపుతుంది. పైకెక్కాక ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కూడా సముద్రమే, మధ్యలో డ్రాగన్ వెన్నెముకలా పైకీ కిందకీ పోయే సన్నటి దారి, చివర బిగ్ వేవ్ బే అనే బీచ్. క్లాసులో ఆరు నెలలు ఒక్క ముక్క మాట్లాడని అమ్మాయి ఆ రోజు మూడు గంటలు ఆపకుండా మాట్లాడింది. ఏ చెట్టు ఆకు వాళ్ళ అమ్మమ్మ దేనికి వాడేదో, కనిపించే ఏ దీవిలో ఏ ఊరు ఖాళీ అయిపోయిందో అన్నీ చెప్పింది. నేను పిక్కలు పట్టుకుని వెనకాల ఆయాసపడుతుంటే వెనక్కి తిరిగి "ఆ సర్, గా యౌ!" అని అరిచింది. గా యౌ అంటే మాటకి మాట "నూనె పొయ్యి". ఇంకొంచెం గట్టిగా లాగించు అని భావం. ఆ తర్వాతి వారం క్లాసులో అదే అమ్మాయి మొదటిసారి చెయ్యెత్తి, నేను చెప్పిన జాయిన్ నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అంది. టీచరుగా నాకు అంతకంటే కావలసిందేముంది?

అందుకే ఈ కంపెనీల టీమ్ బిల్డింగ్ వ్యవహారం చూస్తే నాకు నవ్వొస్తుంది. రిసార్టు, డీజే, కళ్ళకి గంతలు కట్టి వెనక్కి పడమనే ఆటలు, చివర హెచ్ఆర్ వాళ్ళ ఫీడ్‌బ్యాక్ ఫారం. మనుషులు ఒకరికొకరు తెలియాలంటే పక్కపక్కన నడవాలి. ఎదురెదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూలా ఉంటుంది. కొండ దారిలో మొహం చూడక్కర్లేదు, మౌనంగా ఉన్నా ఇబ్బందిగా అనిపించదు, ఆయాసం వచ్చినప్పుడు మాట దానంతటదే ఆగి తగ్గగానే మొదలవుతుంది. మేనేజరుకీ ఫ్రెషరుకీ ఆయాసం ఒకలాగే వస్తుంది. అసలు మేనేజరుకే ఎక్కువొస్తుంది.

కాంటనీస్‌లో హైకింగ్‌కి "హాంగ్ సాన్" అంటారు. కొండ నడవడం, అంతే. నాకు ఆ మాట నచ్చింది. ఎక్కడం, జయించడం లాంటివేం లేవు అందులో. పొద్దున్నే వెళితే డెబ్బై దాటిన తాతలూ మామ్మలూ చేతిలో ట్రాన్సిస్టర్‌తో చకచకా దిగొస్తూ "జో సాన్" అని పలకరిస్తారు, శుభోదయం అని. మనం ఎక్కుతుంటాం, వాళ్ళు అప్పటికే ఎక్కి దిగుతుంటారు. సిగ్గేస్తుంది.

తిండి విషయంలో మాత్రం మనవాళ్ళని ఎవరూ కొట్టలేరు. వాళ్ళు ఎనర్జీ బార్లు తెచ్చుకుంటారు. మా విజయనగరం వదినగారు పులిహోర తెస్తారు. ఆలోచించి చూడండి, కొండ నడకకి పులిహోరని మించినది లేదు: చింతపండు వల్ల సాయంత్రం దాకా పాడవదు, చెమటకి పోయిన ఉప్పు తిరిగొస్తుంది, చల్లారితేనే ఇంకా బాగుంటుంది. మన పెద్దవాళ్ళు రైలు ప్రయాణాలకి ఊరికే కట్టలేదు. పెరుగన్నం మాత్రం వద్దు, ఈ తేమలో మధ్యాహ్నానికే పులిసిపోతుంది.

అలా తిరుగుతూ మెక్లీహోస్ ట్రయల్ మొత్తం నడిచాం. 1979లో ప్రారంభించిన 100 కిలోమీటర్ల దారి ఇది, పది భాగాలు. మేం పది ఆదివారాల్లో పూర్తిచేశాం (వరసగా కాదు లెండి, రెండు చలికాలాలు పట్టింది). రెండో భాగం గురించి ఒక్కమాట చెప్పాలి. సాయ్ కుంగ్ దగ్గర హై ఐలండ్ రిజర్వాయర్ తూర్పు ఆనకట్ట పక్కన 14 కోట్ల ఏళ్ళ నాటి అగ్నిపర్వత శిల ఆరు పలకల స్తంభాలుగా నిలబడి ఉంటుంది, ఎవరో లేత్ మీద తిప్పినట్టు. అక్కణ్ణించి కొండా బీచూ, మళ్ళీ కొండా బీచూ. హామ్ తిన్ అనే చోట ఏటి మీద సన్నటి చెక్క వంతెన దాటితే ఇసక ఒడ్డున చిన్న హోటలు. అక్కడ కూర్చుని నిమ్మకాయ టీ తాగుతుంటే, హాంకాంగ్ అంటే ఇదా, నేను పొద్దున్న లిఫ్టులో 38వ అంతస్తు నుంచి దిగిన ఊరూ ఇదీ ఒకటేనా అనిపిస్తుంది.

ఈ 100 కిలోమీటర్లనీ నలుగురి జట్టుగా 48 గంటల్లో నడిచే ట్రయల్‌వాకర్ అనే కార్యక్రమం ఉంది. 1981లో గూర్ఖా సైనికుల శిక్షణగా మొదలైంది, 1986 నుంచి ఆక్స్‌ఫామ్ చేతుల మీదుగా మామూలు జనానికీ వచ్చింది. ప్రపంచంలో ఎన్నో దేశాల్లో ఇప్పుడు జరిగే ట్రయల్‌వాకర్ నడకలకి మూలం ఇదే. మా నేపాలీ మిత్రుడు ఈ విషయం చెప్పేటప్పుడు ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. పెరగనివ్వండి, న్యాయమే.

మన ఐటీ వాళ్ళకి నచ్చే విషయం ఇంకోటుంది. ఈ పెద్ద దారుల మీద ప్రతి 500 మీటర్లకీ ఒక స్తంభం పాతారు. దాని మీద నంబరు, మ్యాప్ గ్రిడ్ వివరం ఉంటాయి. ఏ రెండు స్తంభాలకీ ఒకే నంబరు ఉండదు, అంటే కొండ మొత్తానికీ ప్రైమరీ కీ ఇచ్చారన్నమాట. 2018 మే నెలలో మా విజయనగరం మిత్రుడి బావమరిది ఇండియా నుంచి వచ్చి మాతో మా ఆన్ షాన్ వైపు నడిచాడు. పదకొండు గంటలకి కళ్ళు తిరిగి కూలబడ్డాడు. చెమట ఆగిపోయింది, మాట తడబడుతోంది. మేమెవరం ఆ చోటు పేరు కూడా చెప్పలేం. మా నెట్‌వర్క్ టెక్నీషియన్ విద్యార్థి పరిగెత్తి వెనక స్తంభం నంబరు చూసొచ్చి 999కి ఫోన్ చేసి అదొక్కటే చెప్పాడు. దారిన పోయే ఇద్దరు పెద్దావిడలు గొడుగులు అడ్డం పట్టి, తమ దగ్గరున్న ఉప్పు నీళ్ళు తాగించి, సహాయక దళం వచ్చేదాకా కదల్లేదు. కుర్రాడు సాయంత్రానికి కోలుకున్నాడు. ఒక సిమెంటు స్తంభం, దాని మీద ఒక నంబరు. ఎంత ఖర్చవుతుంది?

ఇవన్నీ ప్రకృతి ఇచ్చినవి కాదని చెప్పడానికే ఇంత సోది. నిజానికి ప్రకృతిపరంగా చూస్తే 1945లో ఇక్కడి కొండలు బోడిగుండ్లు. జపాన్ ఆక్రమణలో వంటచెరకు కోసం చెట్లన్నీ నరికేశారు. యుద్ధం తర్వాత తిరిగి నాటారు, రిజర్వాయర్లలో నీళ్ళు నిలవాలంటే చుట్టూ కొండలు పచ్చగా ఉండాలి కదా. 1965లో టాల్బట్ దంపతులు ఈ ప్రాంతాన్ని ఎలా కాపాడాలో ఒక నివేదిక ఇచ్చారు. 1976లో కంట్రీ పార్కుల చట్టం వచ్చింది. అప్పటి గవర్నరు మెక్లీహోస్ స్వయంగా కొండలు పట్టుకు తిరిగే మనిషి, అది కలిసొచ్చింది. 1977లో మొదటి పార్కులు, 1979 కల్లా 21. 2024లో 25వది కూడా చేరింది. గమనించాల్సిందేంటంటే అదేం డబ్బులు పొంగిపొర్లుతున్న కాలం కాదు. చైనా నుంచి వచ్చిపడ్డ లక్షల మంది కొండవాలు గుడిసెల్లో, ఇరుకు గదుల్లో ఉన్న కాలం. ముందు అభివృద్ధి, ఆ తర్వాత చెట్లూ గుట్టలూ అని మనవాళ్ళు తరచూ చెప్పే వరస ఇక్కడ పాటించలేదు.

టిక్కెట్టు లేదు. గేటు లేదు. ఆదివారం ఇళ్ళలో పనిచేసే ఫిలిప్పీన్స్, ఇండోనేషియా ఆడవాళ్ళకి సెలవు. వాళ్ళ బృందాలు పాటలు పాడుకుంటూ మా ముందు నుంచే సాగిపోతాయి. ఏ క్లబ్బులోనూ వాళ్ళకి చోటివ్వని యజమానులు కూడా అదే దారిలో, అదే ఎండలో నడుస్తారు.

అంతా బంగారం కాదు. మట్టిదారుల మీద అక్కర్లేని సిమెంటు మెట్లు పోసి మోకాళ్ళు అరగదీస్తున్నారని ఇక్కడివాళ్ళే తిట్టుకుంటారు, నేనూ వాళ్ళ పార్టీయే. 2020లో కోవిడ్ వల్ల ఎక్కడికీ వెళ్ళలేక ఊరంతా కొండలెక్కితే డ్రాగన్స్ బ్యాక్ మీద అమీర్‌పేట ట్రాఫిక్.

ఇంకా పెద్ద గొడవ ఇంటి గురించి. పైన చెప్పిన నెట్‌వర్క్ కుర్రాడు షామ్ షుయ్ పోలో వంద చదరపు అడుగులు కూడా లేని గదిలో, కిటికీ లేకుండా ఉంటాడు. ఒక ఫ్లాట్‌ని ముక్కలు చేసి అద్దెకిచ్చే గదులవి, ఇక్కడ చాలామంది బతుకు అదే. 2017లో ప్రభుత్వం రెండు కంట్రీ పార్కుల అంచుల్లో ఇళ్ళు కట్టొచ్చా అని అధ్యయనం మొదలుపెట్టించింది. మేం లయన్ రాక్ ఎక్కుతూ దాని గురించి మాట్లాడుకుంటున్నాం, అందరం కూడదంటున్నాం. ఆ కుర్రాడు మధ్యలో ఆగి, "ఆ సర్, మీకు ఇల్లుంది కాబట్టి మీకు కొండ కావాలి. నాకు ముందు కిటికీ కావాలి" అన్నాడు. ఎవరికీ నోట మాట రాలేదు. 495 మీటర్ల కొండ, చాలాసేపు చెప్పుల చప్పుడే.

దీనికి జవాబు నా దగ్గర నుంచి కాదు, క్లాసులో మాట్లాడని ఆ అమ్మాయి నుంచే వచ్చింది. పాడుబడ్డ గోడౌన్లూ కంటెయినర్ యార్డులూ ఉన్న భూములు ఎన్ని లేవు, ఫాన్‌లింగ్ గోల్ఫ్ కోర్సు 172 హెక్టార్లు లేదూ, అవన్నీ వదిలేసి టిక్కెట్టు లేకుండా నువ్వూ నేనూ వచ్చే ఒక్క చోటే ఎందుకు కనిపిస్తుంది వాళ్ళకి, అంది. కుర్రాడు పూర్తిగా ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోడు. ఆ పార్కుల ప్రతిపాదన తర్వాత ఆగిపోయింది. గోల్ఫ్ కోర్సులో 32 హెక్టార్లు వెనక్కి తీసుకుంటామని 2019లో ప్రభుత్వం ప్రకటించింది, 2023లో తీసుకుంది. నేను మాత్రం ఆ అమ్మాయి పక్షమే. కొండ పోగొడితే కుర్రాడికి కిటికీ వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. కొండకి ఎదురుగా కోట్లు పోసి కొనే వ్యూ ఉన్న కిటికీలు మాత్రం తప్పకుండా వస్తాయి.

ఇదంతా చెబుతుంటే మీకు హైదరాబాదు గుర్తు రాలేదా? నాకు ప్రతిసారీ వస్తుంది. సాయ్ కుంగ్ రాయి 14 కోట్ల ఏళ్ళదని యునెస్కో జియోపార్కు చేసి నెత్తిన పెట్టుకున్నారు. మన హైదరాబాదు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. దాన్ని మనం కంప్రెషర్ పెట్టి పేల్చి పునాదులకి వాడుకున్నాం. మాదాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, మనం కూర్చుని కోడ్ రాసిన బిల్డింగుల కింద ఏముండేదో పాత ఫోటోలు చూస్తే తెలుస్తుంది. ఆ బండల్ని కాపాడమని 1996 నుంచీ సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు మొత్తుకుంటూనే ఉన్నారు, నెలనెలా జనాన్ని రాళ్ళ మధ్య నడిపిస్తూనే ఉన్నారు. మనలో ఎంతమంది వెళ్ళాం?

2025 మార్చి ఆఖర్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదకి రాత్రీ పగలూ బుల్డోజర్లు వెళ్ళాయి. ఏప్రిల్ 3న సుప్రీం కోర్టు ఆపమనే దాకా ఆగలేదు. ఆ భూమి ఎవరిదన్న వాదనలోకి నేను వెళ్ళను, నాకు అనిపించింది వేరే. ఆ రోజుల్లో రోడ్డు మీద నిలబడి దెబ్బలు తిన్నది యూనివర్సిటీ పిల్లలు. ఆ నేల చదును చేస్తున్నది ఐటీ పార్కుల కోసం, అంటే మన పేరు మీద. ఆ పక్కనే రోజూ అద్దాల బిల్డింగుల్లో కూర్చునే మన లక్షల మందిలో చాలామందికి అక్కడ నెమళ్ళూ జింకలూ ఉన్నాయని వాట్సాప్ వీడియోలు వచ్చాకే తెలిసింది. నడవని చోటు గురించి ఎవరికీ బాధ ఉండదు. హాంకాంగ్‌లో పార్కుల జోలికి వెళితే ఊరంతా లేచిందంటే, ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఆదివారం బురద బూట్లున్నాయి.

మనకి ఎండలండీ, మనకి ఆ అలవాటు లేదండీ అంటారు. ఎండ ఇక్కడా ఉంది, పైగా తేమ. మే నుంచి సెప్టెంబరు దాకా మేం పొద్దున్న ఆరింటికి మొదలెట్టి పదికల్లా దిగిపోతాం. ఆ బావమరిది సంగతి తర్వాత ఇది చట్టం. అలవాటు లేదనడం మరీ అన్యాయం. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు వైపు నుంచి 2,388. నా విద్యార్థులకి ఆ ఫోటోలు చూపించాను: మెట్ల పొడుగునా పైకప్పు, తాగే నీళ్ళు, చెప్పుల్లేకుండా ఎక్కుతున్న ముసలమ్మలు. "మరి మీ ఊళ్ళో మిగతా కొండలకి ఇలా దారులు ఎందుకు లేవు, ఆ సర్?" అని అడిగారు. దేవుడు ఉంటేనే మాకు కొండ కనిపిస్తుందని కాంటనీస్‌లో ఎలా చెప్పాలో నాకు రాలేదు. ఖాజాగూడ గుట్టలకీ, అనంతగిరికీ ఆదివారాలు వెళ్ళే బృందాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి, సంతోషం. ఒక నంబరు స్తంభం, ఒక సిటీ బస్సు, పేల్చకూడదన్న ఒక కాగితం. ఆ మూడూ అడగాల్సింది ఆ బృందాలే. జీతాల్లోంచి ఇంత పన్ను కడుతున్నవాళ్ళం, అడిగితే తప్పేం లేదు.

మీలో ఎవరికైనా ఇటు ఆన్‌సైట్ తగిలితే నవంబరు, ఫిబ్రవరి మధ్య పడేలా చూసుకోండి. షౌ కేయ్ వాన్‌లో దిగండి, 9వ నంబరు బస్సు, తో తేయ్ వాన్ స్టాపు. రెండు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. పులిహోర మేం తెస్తాం. ఒక ప్లాస్టిక్ కవరు మాత్రం మీరే తెచ్చుకోండి, 2017 చివరికల్లా ఈ దారుల్లో చెత్తబుట్టలన్నీ తీసేశారు, ఎవరి చెత్త వాళ్ళే ఇంటికి మోసుకెళ్ళాలి.